సత్తు గిన్నె నుంచి కిటికీ దాకా

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. పింఛను సవరణల గురించి, కరువు భృతి బకాయిల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు ఆరు నెలలుగా ఉన్న ధ్యాస ఒకటే, మా ఇంటి కిటికీలు. కిటికీల మీద వ్రాస్తే వేస్తారా అని అడిగాను. "కొంచెం చరిత్ర కూడా కలపండి, తప్పకుండా వేస్తాం" అన్నారు. నేను పనిగట్టుకొని కలపనక్కరలేదు. వెతకబోతే వాటిలోనే బోలెడంత చరిత్ర ఉంది.

మా ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి రెండు మైళ్ళ లోపే. 1986లో ఇంటి అడ్వాన్సు తీసుకొని కట్టాను. టేకు కిటికీలు వేయించే స్తోమతు ఆనాడు లేదు. ప్రభుత్వ క్వార్టర్లకు వేసే రకం ఇనప చట్రాల కిటికీలే వేయించాను. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది? రెండు మూడేళ్ళకోసారి తుప్పు గీకించి, ఎర్ర ప్రైమరు కొట్టించి, పైన రంగు వేయిస్తూ నెట్టుకొచ్చాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన రోజున పడమటి గది కిటికీ రెక్క బందులతో సహా ఊడి పక్కవారి పెరట్లో పడింది. ఎవరికీ తగలలేదు, అదే పదివేలు. దాన్ని వెల్డింగు చేయించి మళ్ళీ బిగించాం. ఇప్పుడు వెల్డింగు చేయడానికి కూడా అందులో ఇనుము మిగలలేదు.

ఈసారి అల్యూమినియం వేయిద్దామని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. చిక్కు అక్కడే మొదలయింది. ఒకాయన, "మాది రీసైకిల్డ్ అల్యూమినియం మాస్టారూ, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు" అని గొప్పగా చెప్పి రేటు ఎక్కువ వేశాడు. రెండో ఆయన గొంతు తగ్గించి, "వాళ్ళది తుక్కు కరిగించిన మాలు మాస్టారూ, మీరు మోసపోకండి" అన్నాడు. మూడో ఆయన తన దగ్గర రెండు రకాలూ ఉన్నాయన్నాడు. ఒకరు గుణమని చెప్పినదాన్నే మరొకరు దోషమంటే, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు చూసినవాడిని, పూర్వపు కాగితాలు తీయకుండా నోటు ఎలా పెడతాను?

పూర్వపు కాగితాలంటే మా అమ్మ వంటిల్లే. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నా చిన్నతనంలో అన్నం వార్చే గిన్నె, పాలు కాచే గిన్నె, నీళ్ళ చెంబు అన్నీ సత్తువి. కొందరు సిల్వరు సామాను అనేవారు. అల్యూమినియం అన్న పేరు నేను హైస్కూలు సైన్సు పుస్తకంలో చదివేదాకా వినలేదు. సత్తు అన్నది తగరం కలిసిన లోహానికి ఉన్న పాత మాట. కొత్త లోహం వస్తే మనవాళ్ళు దానికి పాత పేరు తగిలించారు, అంతే. గిన్నెకు చిల్లి పడితే వీధిలోకి వచ్చే మాట్లవాడి చేత మాటు వేయించేది. మాటు కూడా నిలవనప్పుడు సంతలో గిన్నెల కొట్టుకు పట్టుకెళ్ళి, తూకం వేయించి, తరుగు తీయించి, పైన మజూరీ ఇచ్చి కొత్త గిన్నె తెచ్చుకొనేది. తరుగు దగ్గర మా అమ్మకూ కొట్టు ఆసామికీ ప్రతిసారీ తగువే. ఆ పాత గిన్నెలు కొలిమికి వెళ్ళేవి, మళ్ళీ రేకై, గిన్నెలై వచ్చేవి. రీసైక్లింగు అన్న మాట ఎవరికీ తెలియదు గాని పని మాత్రం ఏడాది పొడుగునా జరుగుతూనే ఉండేది.

విచిత్రం ఏమిటంటే, బీదల వంటింటి లోహమని మనం చూసిన ఇది ఒకప్పుడు రాజుల లోహం. భూమి పొరల్లో దొరికే లోహాలలో అన్నిటికంటె ఎక్కువ ఉన్నది ఇదే అయినా, ప్రాణవాయువుతో గట్టిగా ముడిపడి ఉండడం వల్ల పూర్వులెవరికీ దొరకలేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ 1825లో మొదటిసారిగా కొద్దిపాటి లోహం తీయగలిగాడు. 1854లో ఫ్రాన్సులో డివిల్ అనే ఆయన సోడియం ఉపయోగించి కొంచెం పెద్ద ఎత్తున తీసే పద్ధతి కనిపెట్టాడు. మరుసటి ఏడు పారిస్ ప్రదర్శనలో ఆ లోహాన్ని అపురూప వస్తువుగా ప్రదర్శనకు పెట్టారు. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం పూర్తయినప్పుడు శిఖరం మీద బంగారం పెట్టలేదు, వెండీ పెట్టలేదు. 100 ఔన్సుల అల్యూమినియం పిరమిడు పెట్టారు. దాని ధర అప్పట్లో వెండితో సమానంగా ఉండేది.

రెండేళ్ళు తిరక్కుండా కథ తిరగబడింది. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరౌల్ట్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, కరిగించిన క్రయొలైటులో అల్యూమినా వేసి విద్యుత్తు పంపి లోహం తీయవచ్చునని కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవారే, ఇద్దరూ 1914లోనే పోయారు. మన తాతలనాటి జాతకాల పుస్తకాలవారికి చూపించవలసిన జంట. తరువాత కొద్దికాలానికే బేయర్ అనే ఆయన బాక్సైటు రాతి నుంచి అల్యూమినాను చవకగా తీసే పద్ధతి కనిపెట్టాడు. పదేళ్ళ లోపు ధర పదోవంతుకు పడిపోయింది. ఈనాటికీ ప్రపంచంలో కొత్త అల్యూమినియం తీసేది ఈ రెండు పద్ధతుల మీదనే.

మన వైపుకు ఈ లోహం వచ్చిన దారి మద్రాసు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే కదా. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు విదేశీ అల్యూమినియం రేకు తెప్పించి, మన పనివాళ్ళ చేత గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. ప్రభుత్వ పాఠశాలలో పుట్టిన ఆ పని కొన్నేళ్ళకు ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళింది. తేలిక, కళాయి అక్కరలేదు, ఇత్తడి కంటె చవక. ఇక చెప్పేదేముంది! మా అమ్మ గిన్నెలకు మూలపురుషుడు ఆయనేనని నాకు డెబ్బై ఏళ్ళు దాటాక తెలిసింది.

రేకు పరాయిదైనా గిన్నె మనదని నలభై ఏళ్ళు గడిపాం. లోహమే మన దేశంలో తీయడం 1943లో కేరళలోని ఆల్వాయి దగ్గర మొదలైంది. మరుసటి ఏడు ఆసన్‌సోల్ దగ్గర ఇంకొక కర్మాగారం వచ్చింది. తరువాత హిరాకుడ్, రేణుకూట్, కోర్బా. ప్రతిచోటా పక్కనే ఒక ఆనకట్టో, బొగ్గు గనో ఉంటుంది. కరెంటు లేకపోతే ఈ లోహం లేదు మరి. 1960లలో మన చిల్లర డబ్బులూ సత్తువే అయిపోయాయి. ఆరు పలకల మూడు పైసల నాణెం, చదరపు ఒక పైస జ్ఞాపకం ఉన్నవారు మన సంఘంలో సగం మందైనా ఉంటారు. నీళ్ళలో నెమ్మదిగా వదిలితే తేలతాయని మేము బడిలో పందేలు వేసుకొనేవాళ్ళం.

ఇక తుక్కు సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1940 జులైలో, ఇంగ్లండు విమానోత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ఆ దేశపు గృహిణులకు ఒక విజ్ఞప్తి చేశాడు. మీ అల్యూమినియం గిన్నెలు ఇవ్వండి, యుద్ధ విమానాలు చేస్తామన్నాడు. ఆడవాళ్ళు మూకుళ్ళు, కెటిళ్ళు గుట్టలుగా తెచ్చి పోశారు. అయితే వాటిలో ఎన్ని నిజంగా విమానం ఎక్కాయన్నది చరిత్రకారులు ఈనాటికీ సందేహించే సంగతి. విమానం రేకుకు రాగి, మెగ్నీషియం ఇంత పాలని లెక్కగా కలిసి ఉండాలి. పిడి ఇనుముది, మూత ఇంకొక రకం, అడుగు మరొక రకం అయిన గిన్నెల గుట్టను కరిగిస్తే ఆ లెక్క కుదరదు. యుద్ధం అయ్యాక అదే దేశంలో దీనికి తిరగేసిన పని జరిగింది. ఇళ్ళు బాంబులకు కూలిపోయాయి, విమాన కర్మాగారాలకు పని లేదు, విరిగిన విమానాల లోహం గుట్టలుగా పడి ఉంది. ఆ లోహం కరిగించి, అవే కర్మాగారాలలో రెడీమేడు ఇళ్ళు చేశారు. ఏరో అని పిలిచిన ఆ అల్యూమినియం ఇళ్ళు 54 వేలకు పైగా కట్టారు. ఒక్కొక్క ఇంటిని నాలుగు ముక్కలుగా లారీల మీద తెచ్చి దింపేవారు. పాత లోహంతో కిటికీ ఏమిటని నాతో వాదించిన మా బావమరిదికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

మళ్ళీ కరిగించడంలో అంత లాభమేమిటి? ఇక్కడ లెక్క చెప్పవలసిందే. అల్యూమినా నుంచి ఒక కిలో కొత్త లోహం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. మా ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ కలిపి రెండు మూడు రోజులకు అయ్యే కరెంటు అది. అదే లోహాన్ని ఒకసారి తీసిన తరువాత 660 డిగ్రీల వేడి చాలు, కరిగిపోతుంది. కొత్తగా తీయడానికయ్యే శక్తిలో ఇరవయ్యో వంతుతో పని అయిపోతుంది. మా తొమ్మిది కిటికీలకు సుమారు 80 కిలోల లోహం పడుతుందని లెక్క తేలింది. కొత్తదైతే 1100 యూనిట్ల పైమాట. పైగా ఒక టన్ను లోహానికి నాలుగైదు టన్నుల బాక్సైటు తవ్వాలి. మా కిటికీలకు ఒక చిన్న బండెడు కొండ రాయి అన్నమాట.

ఆ కొండ ఎక్కడిదో మన జిల్లాలవారికి వేరే చెప్పాలా? అనంతగిరి, అరకు, చింతపల్లి కొండల మీద బాక్సైటు ఉన్నదని చాలాకాలంగా తెలుసు. మా సర్వీసులో ఆ ఏజెన్సీకి క్యాంపు వెళ్ళినప్పుడల్లా కాఫీ తోటలు, గెడ్డలు చూసి వచ్చినవాడినే గాని కాళ్ళ కింద ఏమున్నదో ఆలోచించలేదు. గిరిజనుల భూములను గనుల కోసం ప్రైవేటు వారికి లీజుకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలం నుంచే. 2015లో చింతపల్లి అడవిలో తవ్వకానికి వీలు కల్పిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. గిరిజనులు గట్టిగా ఎదిరించారు. 2019లో దాన్ని రద్దు చేశారు. సరిహద్దు దాటితే ఒరిస్సా కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో వారు తవ్వి, శుద్ధి చేసిన అల్యూమినా మన విశాఖ రేవు నుంచే ఓడలెక్కి విదేశాలకు పోతుంది. కొండలు తవ్వవద్దని ఊరేగింపు చూసి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి కొత్త లోహమే కావాలని పట్టుబట్టడం నాకు సబబుగా తోచలేదు. అలాగని నా పింఛను డబ్బు పెట్టి చెత్త కిటికీ కొనడమూ సబబు కాదు.

ఎందుకంటే నేను ఒకసారి దెబ్బ తిన్నాను. 1998లో వెనక వరండా మూయించడానికి ఒక వర్క్‌షాపులో చవకగా వస్తున్నదని అల్యూమినియం చట్రాలు వేయించాను. నాలుగైదేళ్ళకే వాటి మీద తెల్లటి పొడి లేచింది. తుడిస్తే కింద సూదితో పొడిచినట్టు గుంటలు. పదేళ్ళకు మూలల్లో పట్టు వదిలింది. ఇనుముకు తుప్పు పడుతుందని దీన్ని తెస్తే దీనికీ జబ్బేనా అని మా శ్రీమతి చాలాకాలం దెప్పింది. జబ్బు ఏమిటో ఇప్పుడు చదివితే తెలిసింది. చూడడానికి అన్నీ తెల్లగానే ఉంటాయి గాని అల్యూమినియంలో చాలా కులాలున్నాయి. విమానం రేకులో రాగి ఎక్కువ, అది ఉప్పుగాలికి ఆగదు. ఇంజన్ల భాగాలలో సిలికాను ఎక్కువ, అది మూసలో పోయడానికి బాగుంటుంది, కిటికీ సెక్షనుకు పనికిరాదు. కిటికీలకు వాడే రకాన్ని 6063 అంటారు. అందులో మెగ్నీషియం, సిలికాను రెండూ ఒక్కొక్క శాతానికి లోపే ఉంటాయి, ఇనుము అంతకన్నా తక్కువ ఉండాలి. ఆ దిమ్మను కరగనీయకుండా మెత్తబడేదాకా కాచి, జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు అచ్చులోంచి నొక్కుతారు. అచ్చు ఎలా ఉంటే సెక్షను అలా వస్తుంది. పిండిలో రాయి ఉంటే జంతిక ఏమవుతుందో మన ఇళ్ళలో ఆడవాళ్ళను అడగండి.

అంటే పాత లోహమా, కొత్త లోహమా అన్నది కాదు ప్రశ్న. పాత లోహమైతే ఏ పాత లోహం, దానిలో ఏం కలిసింది అన్నది ప్రశ్న. పాత కిటికీలను, సెక్షను ముక్కలను వేరుగా ఏరి, మేకులూ రబ్బరూ తీసేసి, పరీక్షించి పాళ్ళు సరిచూసి కరిగిస్తే వచ్చేది కొత్తదానికి ఏ విధంగానూ తీసిపోదు. గిన్నె, ఇంజను, వైరు, మేకు కలిపి ఒకే మూసలో పోస్తే వచ్చేది మా వరండా. కరిగినకొద్దీ అల్యూమినియం చెడదు. కలిసిన ఇనుమును, రాగిని మళ్ళీ విడదీయడం మాత్రం దాదాపు అసాధ్యం.

ఇంత తెలిశాక ముగ్గురినీ మళ్ళీ పిలిచాను. సెక్షను తయారుచేసిన కర్మాగారం ఇచ్చిన పరీక్ష కాగితం చూపించమన్నాను. "కిటికీకి కూడా సర్టిఫికెట్టు అడిగింది మీరొక్కరే మాస్టారూ" అని నవ్వారు. తెచ్చింది మాత్రం మొదటి ఆయన ఒక్కడే. అందులో 6063 అని, పాళ్ళు ఇంతింత అని, సగానికి పైగా పాత లోహమని ఉంది. ఆ పాత లోహం కర్మాగారంలో కోసి పడేసిన ముక్కలా, జనం వాడి అమ్మినదా అని అడిగాను. తమ ముక్కలను తాము కరిగించుకోవడం కర్మాగారాలన్నీ మొదటినుంచీ చేసేదే, దానికి వేరే పేరెందుకు? ఆయన ఫోను చేసి కనుక్కొని, రెండూ ఉన్నాయి, ఎక్కువ భాగం పాత కిటికీలూ సెక్షన్లేనని చెప్పాడు. అన్నట్టు, అల్యూమినియం తలుపులకూ కిటికీలకూ మన దేశంలో 1961లోనే ఒక ప్రమాణం ఏర్పరచారు. దాని నంబరు ఐ.ఎస్. 1948. సంవత్సరమనుకొని నేను ఒక పూటంతా తికమకపడ్డాను.

ఇలాంటి పని తలపెట్టినవారికి ఉపయోగపడతాయని మిగతావి క్లుప్తంగా చెబుతాను. చదరపు అడుగు రేటు ఒక్కటే చూడకండి, సెక్షను మీటరుకు ఎంత బరువో తూయించండి. పలచటి సెక్షనుకు రేటు తగ్గడంలో వింత లేదు. సముద్రం దగ్గరవారు పౌడర్ కోటింగు 60 మైక్రాన్లకు తగ్గకుండా చూసుకోవాలి, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించాలి. ఇనప మర అల్యూమినియంలో ఉప్పుగాలికి ఉంటే పక్క లోహాన్ని తినేస్తుంది. తడి సిమెంటు, సున్నం తగిలినా ఈ లోహానికి మచ్చలు పడతాయి కాబట్టి గోడ పని, పూత పని అయ్యాకే బిగించమనండి. కింది ట్రాకులో వాన నీరు పోయే కంతలు ఉన్నాయో లేదో చూడండి, మా మేస్త్రీ రెండు కిటికీలకు మరిచిపోయాడు. పడమటి ఎండకు చట్రం కాలుతుంది. ఆ విషయంలో చెక్కే నయం, ఒప్పుకోవాలి.

పాత ఇనప కిటికీలు, వరండా చట్రాలు తీసుకుపోవడానికి తుక్కు కుర్రాడు బండి తెచ్చాడు. అయస్కాంతం తగిలించి చూశాడు. చట్రాలకు ఇనప మరలు ఉన్నాయి తాతగారూ, మరలతో అయితే ఒక రేటు, తీసేసి ఇస్తే ఒక రేటు అన్నాడు. రేపు రమ్మని పంపి, మధ్యాహ్నమంతా వరండాలో స్క్రూడ్రైవరు పెట్టుకొని కూర్చున్నాను. తుప్పు పట్టినవాటిని సుత్తితో కొట్టి ఊడదీయవలసి వచ్చింది. మొత్తం 64 మరలు. మా శ్రీమతి అటకమీది సత్తు సామానంతా తెచ్చి ఆ గుట్టలోనే వేసింది. సాయంత్రం చూస్తే వాళ్ళమ్మ ఇచ్చిన సొట్టల ఇడ్లీ పాత్ర మాత్రం తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనేమీ అనలేదు.